అచ్చయమ్మ గారి చదివింపులు

నాకు ఫోనుందని ప్రభుత్వానికి కోపమొచ్చిందండి. నవ్వకండి, అలాగే జరిగింది. రెండువేల ఒకటో సంవత్సరం, ఎండాకాలం. కొత్తపేట బస్టాండుకి ఎదురుగా ధర్మరాజు వీడియోస్ అని బోర్డు పెట్టుకుని పెళ్ళిళ్ళు తీసుకుంటున్నాను. ఆ ధర్మరాజుని నేనే. ముహూర్తాల రోజుల్లో రావులపాలెం నుంచి, ఆలమూరు నుంచి కబురందాలి కదాని ఫోను పెట్టించుకున్నాను. ఆ ఫోను చూసుకుని ఓ కాగితమొచ్చింది. ఫోనున్నవాళ్ళు ఆదాయమెంతో చెప్పాలట. పన్ను పడేంత ఆదాయం లేదంటారా, ఆ లేదన్న సంగతే చెప్పాలట. లేనిదాన్ని లేదని చెప్పడానికో ఫారం. ఆ ఫారం నింపడానికి రామచంద్రపురంలో ఓ ఆడిటరు గారు. ఆ రూలు మా ఊరికి వర్తిస్తుందో లేదో ఆయనకీ సరిగ్గా తెలీదు. ఎందుకైనా మంచిది, కట్టెయ్యండి అన్నారు. ఏం కట్టాలండీ అంటే, నా ఫీజు అన్నారు.

నాకు తిక్కరేగింది. తిక్కరేగితే ఒకొక్కళ్ళు ఒకోటి చేస్తారు. నేను సినిమా తీస్తాను. పెళ్ళి సినిమా కాదండి, డాక్యుమెంటరీ. తొంభై ఆరు తుపానులో పడిపోయిన కొబ్బరితోటల మీద ఒకటి తీసేను, కొబ్బరికి నల్లి పట్టినప్పుడు ఇంకోటి తీసేను. రెండూ మా కేబుల్ టీవీలో సాయంత్రం వార్తల తర్వాత వేసేరు. పెళ్ళిళ్ళు అన్నం కోసం, ఇవి నా కోసం. మా ఆవిడ మాత్రం రెండోదాన్ని తిక్క ఖాతాలోనే వేస్తుంది.

ఈసారి సినిమా పేరు 'ఎవరిదీ రూపాయి'. ప్రశ్న ఒక్కటే. నా సంపాదన ఎంతని అడగడానికి ప్రభుత్వమెవరు? భుజం మీద కెమెరా పెట్టుకుని ఊళ్ళో వరసగా అడుగుతూ వెళ్ళేను. ముందు ఆరెకరాల కొబ్బరితోట ఉన్న భాస్కరరావు గారు. వ్యవసాయం మీద ఆదాయపన్ను లేదు కాబట్టి ఆయన జన్మలో పైసా కట్టలేదు. ఆయనేమో పన్ను కట్టడం పౌరుడి బాధ్యతని పావుగంట చెప్పేరు. తర్వాత వెంకటసాయి మేష్టారు. జీతం చేతికి రాకముందే పన్ను కోసేసుకుంటారు. ఆయన, అసలెవ్వరూ కట్టకూడదండీ అన్నారు. ఎండుకొబ్బరి కురిడీల వ్యాపారం కొండలరావు గారిని అడిగితే ఆ మాట నా కొట్లో అనకండన్నారు, అని టీ ఇప్పించేరు. వేదపండితులు పట్టాభిరామయ్య గారు పంటలో ఆరోవంతు రాజుదని ధర్మశాస్త్రంలో ఉందన్నారు. మరి ఇప్పుడు రాజెవరండీ అన్నాను. ఆయన, అదే నాకూ తెలీడం లేదు నాయనా అన్నారు. నేననుకున్న జవాబు ఒక్కళ్ళూ చెప్పలేదు. కట్టనివాళ్ళు కట్టాలంటున్నారు, కట్టేవాళ్ళు వద్దంటున్నారు. సినిమా ఎటు పోతోందో తీస్తున్న నాకే తెలీకుండా పోయింది.

అప్పుడు అచ్చయమ్మ గారు గుర్తొచ్చేరు.

అచ్చయమ్మ గారు బస్టాండు పక్క సందులో మెస్సు నడుపుతారు. రాజోలు వైపు నుంచి భర్త పోయాక వచ్చేరు, పద్దెనిమిదేళ్ళయ్యింది. ఓ పెంకుటింటి ముందు రెండు గదులు అద్దెకి తీసుకుని పూటకి నలభై మందికి వండిపెడతారు. ఆ నలభై మందిలో నేనూ ఒకణ్ణి. ఆవిడ కాళ్ళకి చెప్పులుండవు, మెళ్ళో సన్నగొలుసు కూడా ఉండదు. ఉప్పు మీద, నూనె మీద, అగ్గిపెట్టె మీద ఆవిడ పన్ను కడుతూనే ఉన్నారు, కడుతున్నట్టు ఆవిడకి తెలీదు. ఇదీ నా సినిమాకి గుండెకాయ అనుకున్నాను. అప్పటికి ఆవిడ ఒక్క దానికోసం బతుకుతున్నారు. ఇంటాయన ఆ రెండు గదులూ అమ్మేస్తానన్నాడు. దసరాకి ఇరవై వేలు బయానా ఇస్తే ఆవిడకే, లేకపోతే ఫ్యాన్సీ షాపు పెడతానని ఇంకొకాయన కాచుక్కూర్చున్నాడు. ఆవిడ దగ్గర పద్దెనిమిది వేలున్నాయి. రోజూ అన్నం వడ్డిస్తూ ఇంకా రెండే బాబూ, ఇంకా రెండే అనేవారు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వస్తాను పిన్నిగారూ, టీవీలో వేస్తాను, మామూలుగా ఉండండి అని చెప్పేను. ఆయ్, అలాగేనండి అన్నారు. మూడింటికి వెళ్ళేసరికి గుమ్మంలో నించున్నావిణ్ణి నేను గుర్తుపట్టలేదంటే నమ్మండి. పట్టుచీర. మెళ్ళో పది కాసుల కాసులపేరు, దాని మీద పలకసర్ల గొలుసు, చేతులకి నాలుగు బంగారు గాజులు. వెనకాల గోడకి పక్కింటివాళ్ళ ఫ్రిజ్జు కూడా తెప్పించి పెట్టేరు, కరెంటు లేదు దానికి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏంటిదంతా, తీసెయ్యండి, నేనేం పెళ్ళి తియ్యడానికి రాలేదని గట్టిగానే అన్నాను. ఆవిడ ఓసారి గొలుసు సర్దుకుని, నా వంక చూడకుండా చెప్పేరు.

"ఈ ఊళ్ళో మీరు తీసిన పెళ్ళిళ్ళలో సగానికి వంట నాదే బాబూ. ఒక్క కేసెట్లోనూ నేను లేను."

ఆ మాట నిజమండి. మా వేపు పెళ్ళిళ్ళలో చదివింపులని ఉంటాయి. బంధువులు ఇచ్చిన కట్నాలన్నీ పందిట్లో ఒకాయన గొంతెత్తి చదువుతాడు. ఫలానా వారు నూటపదహార్లు చదివించేరు, ఫలానా వారు వెండిగిన్నె చదివించేరు అని. పేరు చదివినప్పుడల్లా ఆ మనిషి మొహం కెమెరాలో పడాలి, పడకపోతే నాతో తగువే. అచ్చయమ్మ గారూ ప్రతి పెళ్ళికీ పదహారు రూపాయలు చదివించేవారు. పేరు వినపడేది. ఆవిడ పందిరి వెనకాల వంటల గాడిపొయ్యి దగ్గరుండేవారు. నేను కెమెరా అటు తిప్పలేదు, ఒక్కసారీ తిప్పలేదు.

అందుకని నోరు మూసుకుని కెమెరా ఎత్తేను. ఇంకోటి కూడా చెప్పాలి. సందులోంచి ఎండ పడి ఆ బంగారం బ్రహ్మాండంగా మెరుస్తోంది. వదల బుద్ధి కాలేదు. రోజుకెంతమంది తింటారండీ అంటే రెండొందల మంది అన్నారు. నలభై అని నాకు తెలుసు, రోజూ చూసేవాణ్ణే కదా. పన్ను గురించి అడిగితే, ఎంతైనా కడతామండీ, మాకేం తక్కువ అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు మీదే సినిమా ఆపేను.

నగలు ఎవరివో చూడగానే తెలిసింది, అన్నీ నా పెళ్ళి కేసెట్లలో పడ్డవే. కాసులపేరు భాస్కరరావు గారి భార్య సీతారత్నం గారిది, గొలుసు కొండలరావు గారింట్లో అన్నపూర్ణ గారిది, గాజులు మేష్టారి భార్య యామినివి. మూడిళ్ళకీ అచ్చయమ్మ గారు పండగలకి పిండివంటలు చేసిపెడతారు. మరి పెళ్ళికో ఫోటోకో ఇరుగుపొరుగు నగ పెట్టుకోవడం మనకి కొత్త కాదు కదండీ. ఎవరికీ చెప్పకండేం అని ఒక్కొక్కరూ విడివిడిగా అన్నారట, ఆయ్ అని ఈవిడ ముగ్గురికీ మాటిచ్చేరు. ఆ సాయంత్రమే ఎవరివి వాళ్ళకి ఇచ్చేసేరు కూడా.

సినిమా ఆదివారం వేసేరు. మంగళవారానికల్లా ఊరంతా అచ్చయమ్మ గారి బంగారం గురించే. అడగడానికి ప్రభుత్వమెవరన్న నా ప్రశ్న ఎవరికైనా గుర్తుంటే ఒట్టు. మూడు వారాలు తిరిగేసరికి ఆవిడకి కవరొచ్చింది. టీవీలో ధరించిన ఆభరణాలు, వాటి కొనుగోలు వివరాలతో ఫలానా రోజు ఆదాయపన్ను ఆఫీసుకి రావలెను. ఆ ఆఫీసు ఏ ఊళ్ళో ఉందో చెప్పను లెండి, మళ్ళీ నాకెందుకొచ్చిన గొడవ.

ఆవిడ కవరు తీసుకొచ్చి నా షాపు బల్ల మీద పెట్టేరు. ఏముంది పిన్నిగారూ, అరువు తెచ్చుకున్నానని చెప్పెయ్యండి, ముగ్గురూ వచ్చి ఓ సంతకం పెడతారు, అయిపోతుంది అన్నాను. చెప్పనని మాటిచ్చేను బాబూ అన్నారు. సరే, వాళ్ళనే అడుగుతాను, వాళ్ళంతట వాళ్ళు వస్తే మాట తప్పినట్టు కాదు కదా అని బయల్దేరేను.

సీతారత్నం గారింటికి వెళ్తే ముందు మంచినీళ్ళిచ్చేరు. తర్వాత తలుపు ఓరగా వేసి, మాకు తెల్లకార్డుందండి అన్నారు. రేషను బియ్యం కోసం పేదవాళ్ళకిచ్చే తెల్లకార్డు. ఆరెకరాల తోటకి తెల్లకార్డెలా వచ్చిందని నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. పది కాసుల బంగారం మాదేనని సంతకం పెడితే ఆ కార్డు ఉంటుందా అని నన్నే అడిగేరు. మీది వ్యవసాయం, మీకు పన్నే లేదు కదండీ అన్నాను. పన్ను లేదు గానీ కార్డుంది కదండీ అన్నారు.

అన్నపూర్ణ గారు గొలుసన్న మాట వినగానే చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కొండలరావు గారి వ్యాపారంలో బిల్లుండదు, పుస్తకముండదు. గొలుసు మాదంటే మరి మిగతావాటి మాటేంటని అడుగుతారు, ఆయన నన్ను నిలువునా పాతేస్తారు అన్నారు. యామిని చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయేమో. తను వస్తానంది. అప్పుడే మేష్టారు బడినుంచి వచ్చి వద్దన్నారు. ఇంటద్దె రశీదుల్లో ఆయన రాసిందొకటి, కడుతున్నదొకటి. ఎవరూ పన్ను కట్టకూడదని కెమెరాలో ధైర్యంగా చెప్పినాయన, నా ఫైలు తీస్తారండీ అంటూ నా చెయ్యి పట్టుకున్నారు.

పన్ను లేనావిడ భయపడుతోంది, కట్టనాయన భయపడుతున్నాడు, కట్టేవాడూ భయపడుతున్నాడు. అసలు భయపడనిదల్లా అచ్చయమ్మ గారొక్కరే, ఆవిడకే కవరొచ్చింది.

ఇంతకన్నా విచిత్రం రెండ్రోజులకి జరిగింది. ఆఫీసువాళ్ళు ఇళ్ళకొచ్చి చూస్తారని ఎవరో పుకారు పుట్టించేరు. టీవీలో చూసిన నగ తమ బీరువాలో దొరికితే ఇంకేముంది? సీతారత్నం గారు కాసులపేరుని కందిపప్పు సంచిలో పెట్టి పంపించేసేరు. అన్నపూర్ణ గారి గొలుసు టిఫిను కేరియరు అడుగు గిన్నెలో వచ్చింది. గాజులు మేష్టారే స్వయంగా తెచ్చేరు. ముగ్గురిదీ ఒకటే కబురు, గొడవ సద్దుమణిగేదాకా మీ దగ్గరే ఉంచండని. అచ్చయమ్మ గారు అన్నీ బియ్యం డబ్బాలో దాచి, దాని మీదే కూర్చుని కూరలు తరిగేవారు. వడ్డించడానికి లేస్తే మాలో ఎవరో ఒకర్ని డబ్బా మీద కూర్చోమనేవారు. ఎందుకని అడిగితే, ఊరికే అనేవారు.

ఆఫీసుకి ఇద్దరం బస్సులో వెళ్ళేం. నగలు ఆవిడ ఒళ్ళో కూరల బుట్టలో, పైన తోటకూర కట్టలు. ఆఫీసరు రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను. నలభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు, మర్యాదస్తుడు. ఆవిడకి కుర్చీ వేయించేరు. మీ సినిమా బాగుందండీ, మా ఆఫీసులో అందరం చూసేం, వెలుతురు బాగా పట్టుకున్నారని నన్ను మెచ్చుకున్నారు. నేను మురిసిపోయేను. ఛీ, ఇప్పుడు తల్చుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

కంసాలి వచ్చి నగలు తూచేడు. ఆఫీసరు గారు అంతా రాసుకుని, ఈ నగలు ఇంకెవరివైనా అయితే పేర్లు చెప్పండమ్మా, వాళ్ళొచ్చి సంతకం పెడితే చాలు, మీ జోలికి రాను అన్నారు. లేకపోతే ఇది ఈ ఏటి ఆదాయంగానే చూడాల్సొస్తుందట. ఊరంతా చూసింది నేను చూళ్ళేదని ఎలా రాస్తానండీ అని నావేపు తిరిగేరు. ఈ సినిమా నిజమా, కల్పితమా, ఒక్క ముక్క రాసిచ్చేస్తే ఈవిడకి మేలు జరగొచ్చన్నారు. రాసిచ్చినవాళ్ళు మాత్రం మీ వివరాలూ ఇవ్వాలండి, ఏం చేస్తారు, ఏడాదికెన్ని పెళ్ళిళ్ళు తీస్తారు, అవీ అని ఓ ఖాళీ కాగితం నా ముందుకి జరిపేరు.

నేను కాగితం వంక చూసేను. ఆ సినిమాలో నేనే గొంతెత్తి అరిచేను, మమ్మల్ని అడగడానికి మీరెవరని. ఆ మాటే ఆయన్ని అడిగేను, అదైనా అడక్కపోతే ఎలాగని. ఆయనకి కోపం రాలేదు.

"నేనెవర్నంటే జీతగాణ్ణండి, అడగమన్నారు, అడుగుతున్నాను. మీకెవరు చెప్పేరండీ అడగమని? మీరడిగితే వాళ్ళంతా ఎందుకు చెప్పేరు?"

కాగితం మీద కలం పెట్టేను. నోట్లో మూడు పేర్లున్నాయి, చేతిలో కలముంది. ఫ్యాను గాలికి కాగితం కొస లేస్తోంది. అప్పుడు అచ్చయమ్మ గారు చెయ్యి చాచి నా చేతికింద కాగితం తీసేసి ఆఫీసరు గారి బల్ల మీద పెట్టేరు.

"నావేనండి" అన్నారు.

"ఎలా వచ్చేయమ్మా?"

"వండితే వచ్చేయండి."

ఆయన ఆవిణ్ణి కాసేపు చూసేరు. కాళ్ళకి చెప్పుల్లేకపోవడం కూడా చూసేరనుకుంటాను. ఇంకోసారి ఆలోచించుకోండి, అరగంట బయట కూర్చుని రండి అన్నారు పాపం. ఆవిడ లేవలేదు. ఆయన తలవంచుకుని రాసుకున్నారు. అన్నీ కలిపి పన్ను పద్దెనిమిది వేల చిల్లర పడింది. ఆవిడ దగ్గరున్నదీ అంతే. ఇరవైకి ఇంకా రెండే తక్కువన్న ఆ పద్దెనిమిది వేలూ బ్యాంకులో చలానా కట్టేసేరు.

దారిలో బస్సులో నేను ఏడ్చినంత పనిచేసేను. ఎందుకు పిన్నిగారూ, ఎవరికోసం ఈ పని, కెమెరా అమ్మేసి మీ డబ్బు మీకిచ్చేస్తానన్నాను. అన్నానంతే. ఆవిడ తోటకూర వాడిపోతోందని బుట్ట నీడకి జరుపుకున్నారు. దసరాకి ఆ రెండు గదులూ ఫ్యాన్సీ షాపాయన తీసుకున్నాడు. గాజులు, రిబ్బన్లు వేలాడదీసేడు. మెస్సు సందు చివర రేకుల షెడ్డులోకి వెళ్ళింది. అక్కడ వానొస్తే విస్తట్లో పడుతుంది. నలభై మందిమి పాతిక మందిమయ్యేం.

ఆ తర్వాత ఆఫీసు నుంచి పత్రమొచ్చింది. దాన్ని నేను పదిసార్లు చదివేను. కాసులపేరు ఒకటి, గొలుసు ఒకటి, గాజులు నాలుగు, పై ఆభరణములు అచ్చయమ్మకు చెందినవిగా నిర్ణయించడమైనది. కింద సంతకం, ముద్ర. బంగారం ఎనభై వేల పైచిలుకు ఖరీదు చేస్తుంది. గవర్నమెంటే ఆవిడదని రాసిచ్చేసింది. పెళ్ళికి పెట్టిన నగ కాదు, పుట్టింటివాళ్ళిచ్చింది కాదు, ఒక్క కాగితంతో ఆవిడదైపోయింది. అంత బలముందా అండీ ఆ ముద్రకి? దాన్ని తిట్టడానికి సినిమా తీసినవాణ్ణి, ఆ రోజు దానికి దణ్ణం పెట్టేను.

ఉంచేసుకోండి పిన్నిగారూ అన్నాను. వాళ్ళని అడగమనండి, ఏ నోటితో అడుగుతారో చూద్దాం, అమ్మితే గదులు కాదు ఇల్లే వస్తుందన్నాను. ఆవిడ ఆ పత్రాన్ని మడిచి బొడ్లో దోపుకున్నారు. ఆవిడ మనసులో ఏముందో నాకు అంతుపట్టలేదు. అసలు రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు కూడా.

సంక్రాంతి వెళ్ళిన వారానికి నగలిచ్చిన ముగ్గురు ఆడవాళ్ళూ కలిసి వచ్చేరు. గొడవ సద్దుమణిగింది కదా, మా వస్తువులు అన్నట్టు సన్నగా కదిపేరట. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రండమ్మా, ఇస్తానన్నారు అచ్చయమ్మ గారు. నాకూ కబురు పంపేరు, కెమెరా పట్టుకురమ్మని. ఇదీ నా సినిమాకి అసలు ముగింపు, దీంతో సినిమా మళ్ళీ కొత్తగా చేసి వేస్తాను అనుకున్నాను. ముగ్గురూ కెమెరా ముందు మాదీ మాదీ అనాలి, ఈవిడ పత్రం తీసి చూపించాలి. నిజం బయటపడాలి.

రేకుల షెడ్డులో నలుగురికీ విస్తళ్ళు వేసేరు. ముద్దపప్పు, వంకాయ కారంపెట్టి కూర, మజ్జిగపులుసు. వాళ్ళు తిన్నారో, కెలికేరో. చేతులు కడుక్కున్నాక ఆవిడ పళ్ళెంలో నగలు పెట్టుకుని బల్ల మీద కూర్చున్నారు. ఉతికిన నేతచీర, బోసి మెడ. తియ్యండి బాబూ అన్నారు. కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది.

కాసులపేరు పైకెత్తి, ఇదెవరిదమ్మా అని అడిగేరు. సీతారత్నం గారు ఎర్రదీపం వంక చూసేరు, నా వంక చూసేరు, నేల వంక చూసేరు. అచ్చయమ్మ గారు చాలాసేపే ఆగేరు. తర్వాత గొంతు పెంచి, పెళ్ళిపందిట్లో చదివినట్టే చదివేరు.

"అచ్చయమ్మ గారు, సీతారత్నం గారికి, పది కాసుల కాసులపేరు చదివించేరు!"

రెండు చేతులా అందించేరు. సీతారత్నం గారు పుచ్చుకున్నారు. ఎలా పుచ్చుకున్నారో నా కేసెట్లో ఉంది. వంటమనిషి దగ్గర కట్నం పుచ్చుకుంటున్న మొహం అది. గొలుసు ఎవరిదమ్మా అంటే అన్నపూర్ణ గారు చెంగు అడ్డం పెట్టుకున్నారు. దాన్నీ అలాగే చదివేరు, ఊరూ పేరూ, కాసుల లెక్కతో సహా.

గాజులు ఎత్తేరు. ఈసారి అడక్కముందే యామిని నావండి అంది. గట్టిగా అంది, నేరుగా కెమెరాలోకి చూసి అంది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఆయన్ని అడక్కుండానే చెప్తున్నాను, నావేనండీ, నా పెళ్ళికి మా అమ్మ చేయించింది అంది.

అచ్చయమ్మ గారు గాజులు చదివించలేదు. పిల్ల చెయ్యి దగ్గరికి తీసుకుని తనే తొడిగేరు. తొడుగుతూ, కోపం లేకుండానే, మెల్లగా అన్నారు.

"ఈ మాట అక్కడ అనుంటే నా గదులు నాకుండేవి తల్లీ."

ఆ మాట యామినితో అన్నారు గానీ, వ్యూఫైండర్లో చూస్తున్న నాకే తగిలింది. యామిని ఆ రోజు ఆఫీసులో లేదు. ఉన్నది నేను. కలం నా చేతిలో ఉంది. అచ్చయమ్మ గారు మాటిచ్చేరు, నేనెవరికీ మాటివ్వలేదు. కాగితం ఆవిడ తీసేసుకున్నారని ఇందాక చెప్పేనా? అంతకుముందు రెండు నిమిషాలు ఆ కాగితం నా ముందే ఉంది. ఏడాదికెన్ని పెళ్ళిళ్ళు తీస్తారన్న దగ్గరే నా కలం ఆగిపోయింది. ఆడిటరు గారి ఫారంలో నేను పన్నెండు రాసేను. నేను తీసేది యాభై పైన. ఆవిడ నా చెయ్యి చూసే కాగితం తీసుకున్నారని ఇప్పుడనిపిస్తోంది. ఏమో, అదీ రూఢిగా తెలీదు.

ఆవిడ పత్రం బొడ్లోంచి తీసి నాకిచ్చేసేరు, మీ సినిమాలో పెట్టుకోండని. కేసెట్టు మాత్రం ఓ కాపీ అడిగేరు. టీవీలో వెయ్యనా అంటే, వద్దు బాబూ, నేను చూసుకుంటాను చాలు అన్నారు. వాళ్ళు వెళ్ళిపోయేక ఖాళీ పళ్ళెం కడిగి బోర్లించేరు.

మళ్ళీ చేస్తున్న ఆ సినిమా ఇంకా పూర్తి కాలేదండి. ప్రభుత్వమెవరన్న ప్రశ్న తీసేసేను. ఆ రోజు నువ్వెందుకు రాయలేదు అన్నది పెట్టేను. దానికి జవాబు నేనే చెప్పాలి కాబట్టి, కెమెరా స్టాండు మీద పెట్టి, ఎర్రదీపం వెలిగించి ఎదురుగా కూర్చున్నాను. ఇప్పటికి రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కునే కూర్చున్నాను.